ఎడిటరు నుండి కాగితమునకు

గడచిన సంవత్సరము వేసవి సెలవులకు కొలదిదినములు ముందు, ఒకనాటి సాయంకాలము, కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు ప్రింటరు ప్రక్కను నిలువబడి కంట నీరు పెట్టుకొనుచుండెను. వాని చేత నాలుగు కాగితములుండెను. వానిలో తెలుగక్షర మొక్కటియు లేదు. తలక్రిందులైన ప్రశ్నార్థకములు మాత్రము పంక్తులు పంక్తులుగా, చీమలబారువలె, పుట నిండ పఱచుకొని యుండెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను వాని అమ్మమ్మ చిన్ననాట కన్నులార చూచినది. ఆమె చెప్పుచుండగా విని, నెలదినములు శ్రమపడి, వాడా సంగతులను టెక్స్టు ఎడిటరులో టైపు చేసెను. తెరమీద అక్షరములు కొంచెము చెదరినట్లున్నను చదువుటకు వీలుగానే యుండెనట. అచ్చొత్తుమని ఆజ్ఞ యిచ్చినంతనే ఈ గతి పట్టెను. "ఫైలు పాడైపోయినదండీ" అని వాడు చెప్పెను. పాడైనదానిని ఉంచుకొని ప్రయోజనమేమని, నేను గదిలోనికి వచ్చుటకు ముందే దానిని తుడిచివేసి యుండెను.

ఫైలు పాడు కాలేదు. పాడైనది ప్రతి మాత్రమే. ఈ భేదము తెలిసియుండినచో ఆ బాలునికి ఆ దుఃఖము లేకపోవును. ఎడిటరులోని వ్రాత కాగితము మీదికి ఏ మార్గమున పోవునో, ఆ మార్గమున ఎవరెవరి చేతులు పడునో మన విద్యార్థులలో పెక్కండ్రు ఎఱుగరు గావున, నాకు తెలిసినంతవఱకు ఇచ్చట వివరించెదను.

మొదట ఎడిటరనగా నేమో తెలియవలెను. ఉత్తరములను, కరపత్రములను అందముగా కూర్చుటకు వాడు వర్డు ప్రాసెసరు వేఱు, టెక్స్టు ఎడిటరు వేఱు. వర్డు ప్రాసెసరు అక్షరముతోబాటు దాని పరిమాణమును, రంగును, పుట యంచులను గూడ ఫైలులో దాచుకొనును. ఎడిటరు దాచునది వ్రాత మాత్రమే. నోట్‌ప్యాడు, విమ్, ఈమాక్స్, జీఎడిట్ మొదలైనవి ఈ జాతివి. ప్రోగ్రాములు వ్రాయువారు వీనినే వాడుదురు. ఇట్టి ఫైలును చదువుటకు ఒక ప్రత్యేక సాధనము అక్కఱలేదు; ఏ కంప్యూటరులోనైనను, ఏ ఎడిటరుతోనైనను తెఱవవచ్చును. నలువది సంవత్సరముల క్రిందటి సాదా ఇంగ్లీషు వ్రాతఫైలు నేడును ఏ యిబ్బందియు లేక తెఱచుకొనుచున్నది. కావున మనము పదికాలములపాటు నిలుపుకొనదలచిన వ్రాతను ఇట్టి ఫైలులో ఉంచుట తెలివిగల పనియే. ఆ బాలుడు తప్పు సాధనమును ఎన్నుకొనలేదని నా యభిప్రాయము.

అయితే ఆ ఫైలులో ఉన్నదేమి? అక్షరములా? కావు, సంఖ్యలు. ప్రపంచములోని లిపులన్నిటికిని వరుస సంఖ్యల నేర్పఱచు యూనికోడు అను పద్ధతి యొకటి కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునుండియు తెలుగునకు అందు స్థానము కలదు. తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు గల సంఖ్యలు కేటాయింపబడినవి. "స్త్రీ" యను మాటను తీసికొందము. కంటికి ఇది ఒక్క యక్షరము; తెలుగు వాచకమందు బాలురు దీనిని ఒక్క గుంపుగానే నేర్చుకొందురు. ఫైలులో మాత్రము ఇది ఆఱు సంఖ్యలు: సకారమునకు 3128, పొల్లునకు 3149, తకారమునకు 3108, మరల పొల్లునకు 3149, రేఫమునకు 3120, చివరి గుడిదీర్ఘమునకు 3136. సకారము క్రింద తావత్తు వ్రాయవలెననిగాని, క్రారవడిని చుట్టవలెననిగాని ఈ సంఖ్యలలో ఎచ్చటను లేదు. ఈ సంఖ్యలను డిస్కు మీద వ్రాయు యూటీఎఫ్-8 అను విధానమున ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడేసి బైట్లు పట్టును గావున, "స్త్రీ" పదునెనిమిది బైట్లగును.

ఈ విధానమును 1992లో కెన్ థాంప్సను, రాబ్ పైక్ అను నిద్దఱు న్యూజెర్సీలోని యొక భోజనశాలలో, బల్లమీద పఱచిన కాగితము మీద కూర్చిరి. థాంప్సను పేరు ఈ వ్యాసమున మరల వచ్చును.

ఇట్లు రూపము ఫైలులో లేదు గనుక, చూపవలసి వచ్చిన ప్రతిసారియు ఎవరో యొకరు సంఖ్యలను చదివి రూపమును క్రొత్తగా కట్టవలెను. తెరమీద చూపునపుడు ఒకరు కట్టుదురు. కాగితము మీద ఒత్తునపుడు, పెక్కుచోట్ల, మఱియొకరు కట్టుదురు. మన పూర్వులు తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించుకొనెడివారు. లేఖకుడు ఆ లిపి తెలిసినవాడైనచో ప్రతి శుద్ధముగా వచ్చును. తెలియనివాడైనచో తప్పులతడకగా వచ్చును. బ్రౌనుదొర తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించి, పండితులచే పాఠములు పోల్చి చూపించుటకు కారణము లేఖకుల దోషములే. ఎంత చెడ్డ లేఖకుడు ప్రతి వ్రాసినను మూలమునందలి యాకులోని గంటపు గీత చెఱగదు. ఎడిటరు విషయమును అట్టిదే. ఆ బాలుని ఫైలులో అమ్మమ్మ మాటలు చివరి నిమిషము వఱకు సురక్షితముగా నుండెను. తెలుగు తెలియని లేఖకుని చేతికి ప్రతి పని యిచ్చుట మాత్రమే జరిగినది.

ఎడిటరులో నుండి కాగితమునకు పోవుట యను ప్రశ్నయే మొదట లేకుండెను. ఏలయన, మొదట తెర లేదు, కాగితమే తెర. 1969లో కెన్ థాంప్సను యూనిక్సు కొఱకు "ఎడ్" అను ఎడిటరును వ్రాసినపుడు దానిని వాడువారి యెదుట నుండినది టెలిటైపు. మోడల్ 33 అను టెలిటైపు సెకనుకు 10 అక్షరముల చొప్పున, పెద్దబడి ఇంగ్లీషు అక్షరములను మాత్రము, కాగితపు చుట్టమీద కొట్టెడిది. రెండువేల అక్షరముల పుటను చూచుకొనవలెనన్న మూడు నిమిషములకు పైగా వేచియుండవలసినదే. కావుననే ఎడ్‌లో ఆజ్ఞలన్నియు ఒక్కొక్క యక్షరముగా నుండును. పంక్తిని చూపుమనుటకు "పీ" అను నక్షరము. అది "ప్రింట్" అనుదానికి సంక్షేపము. చూచుటయు అచ్చొత్తుటయు నాడు ఒక్క పనియే. నేడు పైథాను నేర్చు బాలురు "ప్రింట్ అని వ్రాసితిమి గదా, ప్రింటరులో నుండి ఏమియు రాదేమి?" అని నవ్వుచు అడుగుచుందురు. ఆ మాట టెలిటైపు దినములనుండి వచ్చినది. కాగితము పోయి తెర వచ్చెను. పేరు మాత్రము మాఱలేదు.

తెరలు వచ్చిన పిమ్మట చూచుట ఒకటి, అచ్చొత్తుట మఱియొకటి ఆయెను. అచ్చుయంత్రములు పెద్దవి, వెల గలవి. 1959లో వచ్చిన ఐబీఎం 1403 అను పంక్తి ముద్రణ యంత్రము నిమిషమునకు 600 పంక్తులు కొట్టెడిది. ఇట్టి యంత్రము కార్యాలయమునకెల్ల ఒక్కటి యుండును. పని యిచ్చువారు పలువురు. అందఱును ఒక్కసారిగా వ్రాసినచో ఒకని లెక్కలలో ఇంకొకని యుత్తరము కలిసిపోవును. కావున పనులను వరుసలో నిలిపి ఒక్కొక్కటిగా యంత్రమునకు అందించు ఏర్పాటు కావలసెను. యూనిక్సులో ఈ పని చేయు ప్రోగ్రామునకు లైన్ ప్రింటర్ డీమన్ అని పేరు. డీమన్ అనగా భూతమని భయపడ నక్కఱలేదు. కంటబడక వెనుకనుండి సేవ చేయునదని భావము. ఫైలును ఈ వరుసలో చేర్చు ఆజ్ఞకు "ఎల్పీఆర్" అని పేరు, వరుసను చూచుటకు "ఎల్పీక్యూ", వరుసనుండి తీసివేయుటకు "ఎల్పీఆర్ఎమ్". 1999లో వెలువడిన కప్స్ అను ముద్రణ వ్యవస్థ నేడు లినక్సులోను, ఆపిల్ కంప్యూటర్లలోను ఈ వరుసను నడపుచున్నది. ఆ పాత ఆజ్ఞలను అదియు మన్నించును. కాగితము వెంటనే రాలేదని మీటను అయిదుసార్లు నొక్కి, తరువాత అయిదు ప్రతులు వరుసగా బయటికి వచ్చుచుండగా తెల్లబోవు బాలురను ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. వారు నొక్కినది ప్రింటరును గాదు, వరుసను.

పాత ఎడిటర్లు తామే అచ్చొత్తుటకు యత్నింపక, వ్రాతను ఈ వరుసకు అప్పగించి ఊరకొనెడివి. విమ్ అను ఎడిటరులోను, దానికి తాతవంటి వీఐలోను, నేటికిని ఇట్లు చేయవచ్చును. రెండు చుక్కల గుర్తు కొట్టి, "డబ్ల్యూ" వ్రాసి, కొంత ఎడము విడిచి, ఆశ్చర్యార్థకము పెట్టి "ఎల్పీఆర్" అని వ్రాసినచో, తెఱచియున్న వ్రాత యావత్తును ఆ ఆజ్ఞ చేతిలో పెట్టబడును. ఎడము విడువకుండుట ప్రమాదము. అప్పుడు ఆశ్చర్యార్థకము "బలవంతముగా వ్రాయుము" అను వేఱొక యర్థము నిచ్చి, ఎల్పీఆర్ అను పేరుగల ఫైలును సృష్టించును. ఈమాక్స్‌లో "ఎల్పీఆర్ బఫర్" అను ఆజ్ఞ వ్రాతను ఉన్నదున్నట్లు పంపును. "ప్రింట్ బఫర్" అను ఆజ్ఞ ప్రతి పుట నెత్తిని ఫైలు పేరును, పుట సంఖ్యను చేర్చి పంపును. ఎడిటరులో తెఱచియుంచిన వ్రాతకు బఫరని పేరు. డిస్కులో దాచిన ఫైలును గాక, తెఱచియున్న బఫరునే ఈ ఆజ్ఞలు అచ్చొత్తునని జ్ఞాపకముంచుకొనవలెను. దాచుట మఱచినను కాగితము మీద క్రొత్త వ్రాతయే వచ్చును. దానిని చూచి ఫైలును దాచితిమని భ్రమపడి కంప్యూటరును ఆపివేసిన పెద్దలను గూడ నేనెఱుగుదును.

లేసరు ముద్రణము వచ్చుటతో ఈ కథ మలుపు తిరిగెను. పంక్తి యంత్రము అక్షరపు దిమ్మను కాగితమునకు కొట్టును; లేసరు యంత్రము చుక్కలతో పుటను చిత్రించును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున ఎ4 కాగితము మీద సుమారు 87 లక్షల చుక్కలు పట్టును. వీనిలో ఏది నలుపు, ఏది తెలుపు అని ఎవరో తేల్చవలెను. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనువారు అడోబీ సంస్థను స్థాపించి, పుటను వర్ణించు పోస్టుస్క్రిప్టు అను భాషను 1984లో వెలువరించిరి. ఈ భాషలో "ఇన్ని పాయింట్ల దూరమున, ఇంత యెత్తున, ఈ యక్షరరూపమును నిలుపుము" అని వ్రాసి పంపినచో యంత్రమే చుక్కలను లెక్కించుకొనును. పాయింటు అనగా అంగుళములో 72వ భాగము. 1985లో ఆపిల్ వారి లేసరురైటరు ఈ భాషను అర్థము చేసికొను యంత్రముగా బజారునకు వచ్చెను. తరువాత 1993లో వచ్చిన పీడీఎఫ్ ఈ భాషకు సంతానమే.

ఇచ్చట చిన్న కథ యొకటి చెప్పక తప్పదు. ఈమాక్స్‌ను వ్రాసిన రిచర్డు స్టాల్‌మన్ అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములో పనిచేయుచుండగా, అచ్చటి ప్రయోగశాలకు జిరాక్సు వారొక లేసరు ప్రింటరును ఇచ్చిరి. అందులో కాగితము తఱచుగా చిక్కుకొనెడిది. పాత ప్రింటరు విషయమున, కాగితము చిక్కినప్పుడు అందఱి తెరలమీదను హెచ్చరిక వచ్చునట్లు ఆయన ప్రోగ్రామును సవరించియుండెను. క్రొత్తదానికి అట్లు చేయుటకు దాని ప్రోగ్రాము మూలమును అడుగగా, అది కలిగియుండిన మఱియొక విశ్వవిద్యాలయపు పండితుడు, ఎవరికిని ఇయ్యనని మాట యిచ్చితినని నిరాకరించెను. ఈ నిరాకరణము తన మనస్సును మార్చినదని స్టాల్‌మన్ పలుమారులు చెప్పియున్నాడు. 1983లో ఆయన గ్నూ ఉద్యమమును ప్రకటించెను. నేడు మన పాఠశాలలలో వెల లేకుండ వాడుకొను ఎడిటర్లలో పెక్కు ఆ వరుసకు చెందినవే. ఒక ప్రింటరులో చిక్కుకొనిన కాగితము ఇంతదూరము ప్రయాణము చేసినది!

పోస్టుస్క్రిప్టు వచ్చిన పిమ్మట ఎడిటర్లకు గొప్ప శక్తి కలిగెను. దానితోబాటు ఒక భారమును మీద పడెను. పూర్వము "ఇవిగో అక్షరములు" అని వరుసకు అప్పగించినచో చాలెడిది. ఇప్పుడు ఏ యక్షరము పుటలో ఎచ్చట, ఏ రూపమున నిలువవలెనో ఎడిటరే నిర్ణయించి, పోస్టుస్క్రిప్టులో వ్రాసి పంపవలెను. ఈమాక్స్‌లో "పీఎస్ ప్రింట్ బఫర్" అను ఆజ్ఞయు, విమ్‌లో "హార్డ్‌కాపీ" అను ఆజ్ఞయు ఈ పనికై యేర్పడినవి. ఇంగ్లీషు వ్రాతకు ఇవి మిక్కిలి చక్కగా పనిచేయును. ప్రోగ్రాములోని మాటలను తెరమీది రంగులతోనే, పంక్తి సంఖ్యలతో, శీర్షికలతో ముద్రించి యిచ్చును. పొడవైన పంక్తిని విఱిచి క్రింది పంక్తిలోనికి దింపును. ఎక్కువ చెప్ప నక్కఱలేదు; ఆ యాజ్ఞల పేర్లు తెలిసినవారికి ఎడిటరులోని సహాయపుటలే చాలును.

తెలుగునకు వచ్చుసరికి లేఖకుని యజ్ఞానము బయటపడును. లినక్సులో విమ్ ఎడిటరు హార్డ్‌కాపీ ఆజ్ఞ పొందగానే వ్రాతలోని సంఖ్యలను అచ్చునకు తగిన యొక చిన్న పట్టికలోనికి మార్చుకొనును. వేఱుగా చెప్పనియెడల ఆ పట్టిక లాటిన్-1. అందు మొత్తము 256 స్థానములు మాత్రమే కలవు. పశ్చిమ యూరపు భాషల యక్షరములకు అది సరిపోవును. 3128కి అందు స్థానమేది? స్థానము దొరకని ప్రతి యక్షరమునకు బదులు తలక్రిందుల ప్రశ్నార్థకమును పెట్టవలెనని విమ్ నియమము. ఆ బాలుని కాగితముల మీద వరుస తీరిన గుర్తులు ఇవియే. చైనా, జపాను, కొరియా లిపులకు విమ్‌లో వేఱొక యేర్పాటు చేసిరి గాని, మన లిపులకు అట్టి యేర్పాటు లేదు.

ఇందులో ఘోరమైన సంగతి యొకటి కలదు. సకారమునకును అదే గుర్తు, తకారమునకును అదే గుర్తు. కావున ఆ కాగితములను ముందుంచుకొని మూలమును ఊహించుటకు ఏ పండితునికిని శక్యము గాదు. ప్రింటరు వరుసలో నిలిచియున్న ప్రతిలోనైన అక్షరములు దొరకునేమో యని మేము వెదకితిమి. అందును అవే గుర్తులు. ఏలయన, మార్పు జరిగినది ప్రింటరులో గాదు, వరుసలో గాదు, ఎడిటరు గడప దాటక ముందే. తుడిచిన ఫైలును తిరిగి పొందుటకు చేసిన యత్నములును ఫలింపలేదు.

పట్టికలో స్థానము దొరకినంత మాత్రమున తెలుగు సిద్ధించునని తలపరాదు. ఇంగ్లీషులో ఒక సంఖ్యకు ఒక రూపము. వానిని వరుసగా పేర్చినచో మాట యగును. తెలుగున సంఖ్యలను అట్లే పేర్చినచో "స్త్రీ"కి బదులు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము విడివిడిగా చెల్లాచెదరై నిలుచును. పొల్లు తరువాత హల్లు వచ్చినపుడు దానిని ఒత్తుగా మార్చి క్రిందికి దింపవలెనని, గుడిదీర్ఘమును చివరి హల్లునకు గాక గుంపు తలమీదికి ఎక్కించవలెనని తెలిసిన శిల్పి యొకడు కావలెను. కంప్యూటర్లలో ఈ పనిని అక్షరరూపకల్పన యందురు. హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము నేడు ఈ పనిని పెక్కుచోట్ల చేయుచున్నది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ మొదలైన బ్రౌజర్లలో మనము చదువు తెలుగు దాని చేతిమీదుగా వచ్చినదే. ఈమాక్స్ 2020లో వెలువడిన 27వ కూర్పునుండి తెరమీద చూపుటకు దీనిని వాడుచున్నది. కాని, అదే ఈమాక్స్‌లోని పీఎస్ ప్రింట్ ఆజ్ఞ హార్ఫ్‌బజ్‌ను పిలువదు. లాటిను గాని లిపులకు చుక్కలతో కూర్చిన వేఱు అక్షరరూపములను సంపాదించి, వాని జాడను అమరికలలో తెలుపవలెనని అది కోరును. కావున ఒకే ఎడిటరులో తెరమీద ముత్యములవలె కనబడిన వ్రాత కాగితము మీద చెడిపోవుట యందు వింత లేదు. తెరకొక లేఖకుడు, కాగితమునకొక లేఖకుడు. మొదటివాడు తెలుగు నేర్చెను, రెండవవాడు నేర్వలేదు.

అట్లయిన తెలుగు వ్రాతను ఎట్లు అచ్చొత్తవలెను? తెలుగు నేర్చిన లేఖకుని చేతికే ప్రతి పని నిచ్చుట ఉపాయము. విండోసులోని నోట్‌ప్యాడు, తెరకును కాగితమునకును విండోసు వారి అక్షరరూపకల్పననే వాడును గావున, తెలుగు వ్రాతను నిర్భయముగా అచ్చొత్తవచ్చును. కంట్రోలు మీటతో పీ మీటను కలిపి నొక్కినచో చాలును. లినక్సులోని జీఎడిట్, పాంగో అను సాధనము ద్వారా హార్ఫ్‌బజ్ సాయమును పొందును. దానినుండియు తెలుగు చక్కగా వచ్చును. విమ్‌నే వాడవలెనన్న పట్టుదల గలవారు వ్రాతను ఎల్పీఆర్‌కు నేరుగా అప్పగింపక, "పాప్స్" అను చిన్న ప్రోగ్రామునకు ముందు అప్పగింపవలెను. అదియు పాంగోను ఆశ్రయించి, యూటీఎఫ్-8 వ్రాతను అచ్చునకు తగిన రూపమున కూర్చి యిచ్చును.

నాకు అన్నిటికంటె నచ్చిన మార్గము వేఱొకటి కలదు. విమ్‌లో "టూ హెచ్‌టీఎంఎల్" అను ఆజ్ఞ వ్రాతను బ్రౌజరులో తెఱవదగిన పుటగా మార్చును. దానిని బ్రౌజరులో తెఱచి అచ్చటనుండి ముద్రించినచో, అక్షరములు కట్టు పని బ్రౌజరు మీద పడును. అందు ఆరితేఱినవాడు బ్రౌజరే. విమ్ నుండి చీలివచ్చిన నియోవిమ్ అను ఎడిటరును నడపువారు హార్డ్‌కాపీ ఆజ్ఞను పూర్తిగా తీసివేసి, ఈ మార్గమునే చూపిరి. 2015లో వచ్చి యువకుల నెల్ల ఆకర్షించిన విజువల్ స్టూడియో కోడ్‌లోనైతే ముద్రణకు సొంత ఆజ్ఞయే లేదు. కావలసినవారు పైనుండి చేర్చుకొనవలెను. ముద్రించు పనిని ఎడిటర్లు ఇట్లు విడిచిపెట్టుచుండుట కొందఱకు లోపముగా తోచును. నాకు తోచదు. చేతగాని పనిని చేతనైనవానికి అప్పగించుట మంచిదే.

ఏ మార్గమును పట్టినను, కాగితమునకు పంపుటకు ముందు ఒక్కసారి ఫైలులోనికి అచ్చొత్తి చూచుకొనుట యుక్తము. నేటి కంప్యూటర్లలో ముద్రణపు కిటికీలో "పీడీఎఫ్‌గా దాచుము" అను నేర్పాటు ఉండును. విమ్‌లో హార్డ్‌కాపీ తరువాత పెద్దది యను గుర్తు పెట్టి ఒక పేరు వ్రాసినచో పోస్టుస్క్రిప్టు ఆ పేరుగల ఫైలులోనికి పోవును. ఈమాక్స్‌లో ఆజ్ఞకు ముందు కంట్రోలుతో యూ మీటను నొక్కినచో ఫైలు పేరు అడుగును. దానిని తెరమీద తెఱచి చూచి, అక్షరములు సరిగానున్న పిమ్మటనే కాగితమును ఖర్చుపెట్టవచ్చును. ఆ బాలుడు ఇట్లు చూచుకొనియుండినచో, తప్పు కాగితముది గాదని వానికే తట్టియుండును.

కాగితపు కొలతయు చిక్కులు పెట్టునదే. మన దేశమున వాడునది ఎ4. వెడల్పు 210, ఎత్తు 297 మిల్లీమీటర్లు. అమెరికావారి లెటరు కాగితము కొంచెము వెడల్పై, కుఱుచగా నుండును. ఎత్తు 11 అంగుళములు. అంగుళమునకు ఆఱు పంక్తుల చొప్పున దానిలో 66 పంక్తులు పట్టును గనుకనే యూనిక్సులోని పాత ముద్రణ సాధనములు పుటకు 66 పంక్తులని లెక్కపెట్టుకొనును. విమ్‌ను 1991లో వెలువరించిన బ్రామ్ మూలెనార్ హాలెండు దేశస్థుడు. వేఱుగా చెప్పకున్న అది ఎ4 అనియే తలచును. అమెరికాలో పుట్టిన ఈమాక్స్ లెటరని తలచును. ఈమాక్స్ వాడువారు అమరికలో ఎ4 అని ఒక్కసారి చెప్పియుంచినచో పుట యడుగున ఊరక ఖాళీ మిగులకుండును.

ఇంత శ్రమపడి కాగితమునకు ఎక్కించుట యెందుకు, తెరమీదనే చదువుకొనరాదా యని అడుగువారు కలరు. ఎవరి మాట యెట్లున్నను, తప్పులు దిద్దుటకు కాగితమునకు సాటి లేదని నా యనుభవము. తెరమీద పదిసార్లు చదివినను కనబడని ఒత్తు లోపము కాగితము మీద మొదటి చూపులోనే కనబడును. మఱియు, కంప్యూటరు తెఱవ నేరని పెద్దలకు వ్రాతను అందించుటకు కాగితమే దారి. ఆ బాలుడు అచ్చొత్తదలచినది తనకొఱకు గాదు, అమ్మమ్మకు చూపుటకు.

సెలవులలో వాడు మరల అమ్మమ్మ యింటికి పోయెను. ఆమె మరల చెప్పెను. వాడు మరల టైపు చేసెను. మొదటిసారి పదునాలుగు పుటలైన కథ ఈసారి పదునొకండు పుటలే అయ్యెను. తాటిచెట్టు మట్టలను పట్టుకొని రాత్రియెల్ల గడపినవారి పేర్లన్నియు మొదట చెప్పినదట. ఈసారి రెండు పేర్లు జ్ఞాపకమునకు రాలేదు. వాడు ఫైలును రెండుచోట్ల దాచి, పీడీఎఫ్‌గా చేసి చూచుకొని, జీఎడిట్ నుండి అచ్చొత్తి తీసికొనిపోయెను. ఆమె కండ్లజోడు పెట్టుకొని రెండు దినములు చదివెనట. ఏడవ పుటలో పొరుగింటివారి యింటిపేరు తప్పు పడినదని, మనుమని జేబులోని కలమును తీసికొని కొట్టివేసి, ప్రక్కను సరియైన పేరు వ్రాసెను. ఆ కాగితమును వాడు నాకు తెచ్చి చూపెను. ఆ దిద్దుబాటు ఫైలులోనికి ఇంకను ఎక్కవలసి యున్నది.